పులిసిన పిండి మీద పగ వద్దు: ఒక ల్యాబ్ టెక్నీషియన్ అనుభవ పాఠాలు

నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు దవాఖానల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా నా ఉద్యోగకాలమంతా గడిచింది. రక్తం, మూత్రం, తెమడ, పుండు నుంచి తీసిన చెమ్మ, వీటి మధ్యనే తల నెరిసింది. రిటైరై ఇంట్లో కూర్చున్నా రిపోర్టు కాగితాలు పట్టుకొని వచ్చేవాళ్ళు తగ్గలేదు. చుట్టాల పిల్లలు, వీధిలో ఆడవాళ్ళు, ఒకప్పుడు నాతో పనిచేసిన నర్సమ్మల కోడళ్ళు వస్తుంటారు. ఈ మధ్య వాళ్ళ ఫోన్లలో ఒక జాబితా కనబడుతోంది. ఒంట్లో క్యాండిడా పెరిగితే ఈస్టు ఉన్న తిండి, దాన్ని పెంచే తిండి పూర్తిగా మానాలని దాని సారాంశం. ఇడ్లీ, దోశ, పెరుగు, సల్ల, ఆవకాయ, బన్ను, రస్కు, అరటిపండు, మామిడిపండు, బెల్లం, చివరికి పల్లీలు కూడా అందులో ఉన్నాయి. పల్లీ పండే పాలమూరులో పల్లీ కూడా తినొద్దంటే పేదింటి పిల్లకు ఇంక మిగిలేదేమిటి?

ఈ జాబితాను నమ్మి నెలల తరబడి అర్ధాకలితో ఉన్న ఆడపిల్లలను చూశాను. ఒంట్లో రక్తం తగ్గింది, దురద మాత్రం తగ్గలేదు. వాళ్ళ కోసం, ఊళ్ళలో వాళ్ళకు మొదటి సలహా చెప్పే ఆశా కార్యకర్తల కోసం నేను నేర్చుకున్నవి రాస్తున్నాను.

1. బన్నులో ఉన్న ఈస్టు వేరు, ఒంట్లో పెరిగే ఈస్టు వేరు.

బేకరీలో వాడే ఈస్టును గోరువెచ్చని నీళ్ళలో కలిపి, ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెడితే గుడ్డు ఆకారంలో కణాలు కనిపిస్తాయి. కొన్నిటి పక్కన పిల్లకణం బుడిపెగా పుట్టుకొస్తూ ఉంటుంది. తెల్లబట్ట అవుతుందని వచ్చిన మనిషి నుంచి తీసిన చెమ్మను పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కతో కలిపి చూస్తే అక్కడా అలాంటి గుడ్డు కణాలే, అలాంటి బుడిపెలే. శిక్షణకు వచ్చిన పిల్లలకు ఈ రెండు పలకలనూ పక్కపక్కన పెట్టి చూపించేదాన్ని. మొదటి చూపులో తేడా పట్టినవాళ్ళు తక్కువ. రెండో పలకను నిదానంగా జరుపుతూ పోతే పొడుగాటి పోగులు ఎదురవుతాయి. కణానికి కణం అతుక్కొని, విడిపోకుండా సాగి, చర్మపు పొరల మధ్యకు పాకేవి ఆ పోగులే. దురద, మంట పుట్టించేవీ అవే.

ఇంకో పరీక్ష ఉంది. రక్తం నుంచి వేరుచేసిన సీరంలో ఆ కణాలను కలిపి 37 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచాలి. తీసి చూస్తే క్యాండిడా ఆల్బికన్స్ కణాలు మొలకెత్తిన పెసరగింజల్లాగా తలా ఒక సన్నని గొట్టాన్ని బయటికి చాపి ఉంటాయి. బేకరీ ఈస్టును, అంటే శాకరోమైసిస్ సెరివిసియేను, అదే సీరంలో ఉంచితే అలా చాపదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో అల్లుకుపోయే గుణం దానికి లేదు.

పైగా బన్ను కాలేటప్పుడు, ఇడ్లీ ఉడికేటప్పుడు ఆ వేడికి ఈస్టు చచ్చిపోతుంది. ఇడ్లీపిండి పొంగడంలో పెద్దపాత్ర అసలు ఈస్టుది కూడా కాదు, ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియాది. పెరుగు తోడుకునేది లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా వల్ల. క్యాండిడా భయంతో పెరుగన్నం మానడానికి ఏ ఆధారమూ లేదు.

2. క్యాండిడా మనతో ఉండే జీవి. ఉన్నంత మాత్రాన రోగం కాదు.

ఆరోగ్యంగా ఉన్న ఎందరో మనుషుల నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ళ జననాంగంలో అది కొద్దికొద్దిగా ఉంటుంది. పక్కనున్న మేలుచేసే బ్యాక్టీరియా, మన రోగనిరోధక శక్తి దాన్ని అదుపులో పెడతాయి. ఆడవాళ్ళలో నూటికి 75 మందికి జీవితంలో ఒక్కసారైనా దీనివల్ల దురద, పెరుగు విరిగినట్టుండే తెల్లబట్ట వస్తాయని వైద్యగ్రంథాలు చెబుతాయి. అంటే ఇది సిగ్గుపడాల్సిన బీమారి కాదు. మొగుడి దగ్గర, అత్త దగ్గర దాచుకోవాల్సినదీ కాదు.

పొద్దున లేవగానే గ్లాసు నీళ్ళలో ఉమ్మి, ఉమ్మి నుంచి తీగలు కిందికి దిగితే క్యాండిడా పెరిగినట్టేనని ఒక పరీక్ష ప్రచారంలో ఉంది. దానికి విలువ లేదు. ఉమ్మిలో జిగురు ఉంటుంది, నీళ్ళలో అది తీగలుగానే దిగుతుంది. వేలు పోసి చేయించుకునే క్యాండిడా యాంటీబాడీ పరీక్ష కూడా ఈ పనికి అక్కరకు రాదు. క్యాండిడాతో కలిసి బతికే ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఆ యాంటీబాడీలు ఉంటాయి. బాధ ఉన్నచోటి నుంచి చెమ్మ తీసి మైక్రోస్కోపు కింద చూడడం, అవసరమైతే కల్చర్ పెట్టడం, ఇదే సరైన దారి. ఖర్చు కూడా తక్కువ.

3. తిండి జాబితా చూసే ముందు షుగరు చూడాలి.

ఈ పాఠం మీద కొంచెం నిలబడతాను. నేను ఇంతకంటే గట్టిగా చెప్పదలచుకున్నది వేరే ఏదీ లేదు.

స్ట్రిప్పులు రాకముందు మూత్రంలో షుగరు చూడడానికి బెనెడిక్ట్ ద్రావణం వాడేవాళ్ళం. గాజునాళికలో నీలిరంగు ద్రావణం అయిదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద మరిగించాలి. షుగరు లేకుంటే నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకొంచెం ఉంటే పసుపు, ఆపైన నారింజ, బాగా ఉంటే ఇటుకరాయి ఎరుపు.

దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. కింద దురద, మంట. గీకి గీకి పుండ్లు పడ్డాయి. వేడి చేసిందని అందరూ చెబితే వంకాయ మానేసింది, కోడికూర మానేసింది, మామిడిపండు మానేసింది. "ఇంక ఏం మానాలె మేడం, బువ్వ కూడ మానాల్నా?" అని నా టేబుల్ ముందు నిలబడి అడిగింది. ఆమె మూత్రంతో నాళికను మంట మీద పెట్టాను. ఆకుపచ్చ, పసుపు రంగులు కనబడీ కనబడకముందే దాటిపోయి నాళికంతా ఇటుకరంగు తిరిగింది. తనకు షుగరు ఉన్నట్టు ఆమెకు ఆ రోజు వరకు తెలియదు. డాక్టరుగారు షుగరుకు మందు, దురదకు మందు రెండూ రాశారు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఆమె రక్తపరీక్ష కోసమే వచ్చింది, దురద కోసం రాలేదు.

రక్తంలో షుగరు ఎక్కువైతే మూత్రంలోకి దిగుతుంది, ఆ తడి తగిలే చర్మం మీద క్యాండిడా తేలిగ్గా ఎదుగుతుంది. రోగాన్ని ఎదిరించే తెల్లకణాలు కూడా మందగిస్తాయి. మళ్ళీ మళ్ళీ వచ్చే దురద ఎంతోమందికి షుగరు బీమారి పంపే మొదటి కబురు. మగవాళ్ళలో అంగం చివర ఎర్రబడి, తోలు వెనక్కి రాకుండా బిగుసుకుంటే అదీ అదే కబురు. వాళ్ళు సిగ్గుతో మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొనుక్కొని పోతారు. షుగరు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు దీనికి ఇంకొకటి తోడైంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు గోలీలు అదనపు షుగరును మూత్రం దారిన బయటికి పంపిస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులు అవి. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు తీరాక ధర తగ్గి ఊరూరా వాడుతున్నారు. అయితే మూత్రంలో షుగరు పోతుంది కాబట్టి కొందరికి కింద క్యాండిడా వస్తుంది. ఈ గోలీలు వేసుకునేవాళ్ళు మూత్రం పోసిన ప్రతిసారీ నీళ్ళతో కడుక్కొని పొడిగా తుడుచుకోవాలి. దురద వస్తే గోలీ సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకు చెప్పాలి. ఇడ్లీ మానితే ఈ దురద తగ్గదు.

4. సూదిమందు, యాంటీబయాటిక్ లెక్క అడగండి.

జ్వరం వస్తే చాలు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడ్ సూది పడుతుంది. రెండోరోజుకు లేచి కూర్చుంటారు, పదోరోజుకు దురదతో దవాఖానకు వస్తారు. క్యాండిడాను అదుపులో పెట్టే బ్యాక్టీరియాను యాంటీబయాటిక్ చంపేస్తుంది. క్యాండిడా శిలీంధ్రం కాబట్టి దాన్ని ఆ మందు ముట్టుకోదు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, షుగరును పెంచుతుంది.

ఈ కథకు మనవాళ్ళతో సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అక్కడ ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. అది 1948లో లోకానికి తెలిసింది, ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. లక్షల ప్రాణాలు నిలిపింది. అలాంటి మందుల వాడకం పెరిగాకనే యాంటీబయాటిక్ తర్వాత నోట్లో, కింద క్యాండిడా రావడాన్ని డాక్టర్లు పెద్దఎత్తున గమనించారు. దాని విరుగుడు కూడా అప్పుడే దొరికింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు ఒకరు ఒక ఊళ్ళో, ఒకరు మరో ఊళ్ళో ఉండి, మట్టినమూనాలు, వాటి సారం టపాలో పంపుకుంటూ 1950లో నిస్టాటిన్‌ను ప్రకటించారు. దాని మీద వచ్చిన రాయల్టీ సొమ్మును సొంతానికి వాడుకోకుండా పరిశోధనకే ఇచ్చేశారు. ల్యాబులో బతికిన మనిషిగా వాళ్ళిద్దరి పేర్లు తలచుకోకుండా ఈ పాఠం ముగించలేను.

జలుబుకు, మామూలు విరేచనాలకు యాంటీబయాటిక్ అడిగి మరీ వేయించుకునే అలవాటు మానండి. క్యాండిడా విషయంలో మానాల్సింది ఏదైనా ఉంటే మొదట ఇది.

5. ఈస్టు ఈ దేశపు ఆడవాళ్ళ ప్రాణం కాపాడింది.

ఈస్టు అంటేనే విషమని భయపడేవాళ్ళకు ఈ సంగతి చెబుతాను. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టలమిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తహీనతతో చనిపోతుంటే కారణం వెతకడం ఆమె పని. ఇనుము ఇచ్చినా లేవని మనిషి ఈస్టుసారం పెడితే లేచి కూర్చోవడం చూసి 1931లో ప్రకటించింది. మార్మైట్ అనే పేరుతో డబ్బాల్లో అమ్మే ఆ ఈస్టుసారంలో ఉన్న గుణం ఏమిటో అప్పటికి తెలియదు. తర్వాత దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పడింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావుగారి లెడర్లే బృందమే. ఇవాళ గర్భం నిలిచిందని తెలియగానే ఏఎన్‌ఎం చేతిలో పెట్టే గోలీ వెనక ఈస్టు ఉంది, ఒక తెలుగువాడి శ్రమ ఉంది.

మన జిల్లాలకు ఇంకా దగ్గరి విషయం పెల్లాగ్రా. జొన్న మీదే బతికిన దక్కను పేదల్లో మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొట్టు లేవడం, నాలుక ఎర్రగా మండడం, విరేచనాలు, మనిషి మతి తప్పడం ఉండేవి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, శ్రీకాంతియా 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ రోగానికీ సంబంధం ఉండవచ్చని రాశారు. కూనూరులో మొదలైన ఆ పరిశోధనశాల 1958లోనే హైదరాబాద్ చేరింది. పెల్లాగ్రాకు మందు నియాసిన్, అంటే ఒక బి-విటమిన్. అది ఈస్టులో దండిగా ఉంటుంది. పాతకాలం దవాఖానల్లో బి-విటమిన్ లోపానికి ఈస్టు గోలీలు ఇచ్చేవారు.

జొన్న చెడ్డదని నేను అనడం లేదు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, సల్ల కలిసి తింటే నిండు భోజనం. పక్కనున్నవి ఒక్కొక్కటీ తీసేసి వట్టి రొట్టె మిగిలితేనే ప్రమాదం. ఈస్టు జాబితా చేసేది సరిగ్గా ఆ పనే. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటిచోట పెరుగు, పల్లీ, పండు మాన్పించే సలహా ఎవరిచ్చినా అది నష్టమే చేస్తుంది.

6. నోట్లో పూతంతా క్యాండిడా కాదు.

పెదవుల మూలలు పగిలి, నాలుక నున్నగా ఎర్రగా మారితే ఎక్కువసార్లు బి-విటమిన్, ఇనుము లోపం. చెంప లోపల, నాలుక మీద తెల్లటి పెచ్చులు ఉండి, గుడ్డతో తుడిస్తే ఊడి వచ్చి కింద ఎర్రగా కనబడితే క్యాండిడాను అనుమానించాలి. మొదటిదానికి మందు మంచి తిండి. తిండి తగ్గిస్తే అది ముదురుతుంది. క్యాండిడా అనుకొని పెరుగు, పప్పు మానేసి నోటిపూతను పెంచుకున్నవాళ్ళు నా దగ్గరికి వచ్చారు.

పాలు తాగే పిల్లల నోట్లో తెల్లపూత మామూలుగా వచ్చేదే. గుడ్డ చుట్టిన వేలితో గట్టిగా రుద్ది రక్తం తెప్పించవద్దు. పాలు ఆపవద్దు. బిడ్డ నోటికి, తల్లి చనుమొనకు రెంటికీ మందు పూయాలి, లేకుంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతుంది. ఆయాసానికి స్టెరాయిడ్ పంపు పీల్చేవాళ్ళు పీల్చగానే నీళ్ళు పుక్కిలించి ఉమ్మాలి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో వేసి పడుకోవాలి.

ఏ కారణమూ కనబడకుండా పెద్దమనిషి నోరు తెల్లబడి, మింగుతుంటే గొంతు నొప్పిగా ఉండి, బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయవద్దు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలి. హైదరాబాద్–విజయవాడ హైవే మీద బతుకు సాగించే లారీ డ్రైవర్లు, పాలమూరు నుంచి బొంబాయి, పూణె దాకా పోయే వలస కూలీలు తిండి పడలేదనుకొని నెలలు గడిపేవారు. సర్కారు దవాఖానల ఐసీటీసీ కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం, పేరు బయటికి రాదు. మందులు కూడా ఉచితం. వేళకు మొదలుపెడితే మామూలు ఆయుష్షు ఉంటుంది.

7. ఈ పథ్యం ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి.

అలసట, తలనొప్పి, దిగులు, కడుపుబ్బరం, ఒళ్ళునొప్పులు, అన్నిటికీ పేగుల్లో పెరిగిన క్యాండిడానే మూలమన్న వాదం అమెరికాలో పుట్టింది. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని ఓరియన్ ట్రస్ అనే డాక్టరు దాన్ని మొదలుపెట్టారు. టెనెసీలో పిల్లల డాక్టరు విలియం క్రూక్ 1983లో పుస్తకం రాసి ఇంటింటికీ చేర్చారు. చక్కెర, ఈస్టు, బూజుపట్టే తిండి మానాలన్న జాబితా అక్కడి నుంచి బయలుదేరింది. 1986లో అమెరికా అలర్జీ వైద్యుల సంఘం దీన్ని ఊహాజనితం, రుజువుకానిది అని తేల్చింది. 1990లో అదే బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయపు డాక్టర్లు ఆ లక్షణాలున్న 42 మంది ఆడవాళ్ళకు కొంతకాలం నిస్టాటిన్, కొంతకాలం ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. కింది దురద నిస్టాటిన్‌తో తగ్గింది. అలసట, దిగులు వంటివి తగ్గడంలో అసలు మందుకూ ఉత్తుత్తి మందుకూ తేడా కనబడలేదు.

తీపి సంగతి కూడా పరీక్షించారు. జర్మనీలో 28 మంది ఆరోగ్యవంతులకు మామూలు తిండి మీద అదనంగా తీపి పెట్టి, నోట్లో, పేగుల్లో క్యాండిడా ఎంత పెరిగిందో కొలిచారు. 1999లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం మార్పు చాలా స్వల్పం. షుగరు బీమారి లేని మనిషి ఒక మామిడిపండు తింటే క్యాండిడా రేగదు. షుగరు ఉన్న మనిషి తీపి తగ్గించాలి, దానికి కారణం షుగరే.

ఈ పథ్యం చేసి బాగుపడ్డామనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మిఠాయి, రంగునీళ్ళ సీసాలు, మైదా, మద్యం మానేసి కూరగాయలు తింటే ఎవరికైనా ఒళ్ళు తేలికపడుతుంది. ఆ మేలు తీసుకోండి. ఇడ్లీని, పెరుగును నేరస్థుల్ని చేయకండి. ఎడతెగని అలసట ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి-12, షుగరు చూపించుకోండి. నా అనుభవంలో జవాబు ఈ నాలుగింటిలోనే ఎక్కువగా దొరికింది.

8. కల్లులో భయపడాల్సింది ఈస్టుకు కాదు.

మా జిల్లాల్లో బతికున్న ఈస్టును తాగేది కల్లులోనే. గౌడన్న మోకు వేసుకొని తాడిచెట్టు ఎక్కి లొట్టి దించేటప్పటికే గాలిలో, లొట్టి గోడల్లో ఉన్న ఈస్టులు, బ్యాక్టీరియా అందులో పని మొదలుపెట్టి ఉంటాయి. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులిసి ఘాటెక్కుతుంది. లొట్టికి సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, అది నీరా. చెట్టు కింద తాటిరేకలో పోసుకొని తాగిన చెట్టుకల్లు వల్ల క్యాండిడా వచ్చిందని నేను ఒక్క పలక మీద కూడా చూడలేదు. అందులో ఆల్కహాలు ఉంది, షుగరు గోలీలు వేసుకునేవాళ్ళకు అది మంచిది కాదు. ఖాళీ కడుపున తాగితే రక్తంలో షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు.

ప్రాణం తీసేది కల్తీకల్లు. చెట్టు లేనిచోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం నీళ్ళలో కలిపి, శాకరిన్‌తో తీపి తెప్పించి, కల్లు పేరుతో పోస్తారు. 2015లో తెలంగాణ సర్కారు దీన్ని ఒక్కసారిగా అరికట్టినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో దానికి అలవాటుపడినవాళ్ళు చేతులు వణికి, మతి తప్పి, ఫిట్స్ వచ్చి దవాఖానల పాలయ్యారు. కూలికి పోయి ఒళ్ళు అలసిన ఆడవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ అలవాటు ఉంటే సొంతంగా ఒక్కరోజులో మాన్పించవద్దు. డాక్టరు చూపులో, మందుల సాయంతో మెల్లగా మాన్పించాలి. మన ప్రాంతంలో ఈస్టుతో పులిసిన పానీయం గురించి ఎవరైనా ప్రచారం చేయదలిస్తే ఈ సంగతి మీద చేయాలి.

9. తడిని తేలిగ్గా తీసుకోకండి.

మిర్యాలగూడ ఆయకట్టులో నాట్లు వేసే ఆడవాళ్ళ కాలివేళ్ళ సందులు నాని, తెల్లబడి, ఒరిసిపోతాయి. హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళ గోళ్ళ మొదళ్ళు వాచి ఎర్రబడతాయి. లావుపాటి మనుషుల చన్నుల కింద, గజ్జల్లో చెమట నిలిచి మండుతుంది. ఇవన్నీ క్యాండిడాకు ఇష్టమైన చోట్లు. పనైపోగానే కడిగి, వేళ్ళ సందులు ఆరేదాకా తుడవాలి. లోపలి బట్టలు నూలువి వేసుకోవాలి, నెలసరి గుడ్డలతో సహా ఎండలో ఆరెయ్యాలి. ఎవరైనా చూస్తారని చీర కింద దాచి ఆరేసే అలవాటు ఇంకా పోలేదు. అది పోవాలి. డెట్టాల్ నీళ్ళతో లోపల కడగడం, పెరుగు లోపల పెట్టుకోవడం చేయకండి. పెరుగు తినడానికే.

మెడికల్ షాపులో దొరికే మూడు మందులు కలిపిన ట్యూబు గురించి ఒక హెచ్చరిక. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. పూసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత తామర గానీ క్యాండిడా గానీ రెట్టింపై, చర్మం పలచబడుతుంది.

10. మందు చిన్నదే, తెలిసి వాడాలి.

మామూలు క్యాండిడాకు క్లోట్రిమజోల్ బిళ్ళలు, పూత మందు, లేదా ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాముల గోలీ ఒక్కటి చాలు. గర్భిణులు ఫ్లుకోనజోల్ మింగకూడదు, వాళ్ళకు లోపల పెట్టే బిళ్ళలే ఇస్తారు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు గోలీలు, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. ఫ్లుకోనజోల్ వాటి బలాన్ని పెంచుతుంది. తెల్లబట్టంతా క్యాండిడా కాదు. వాసన, పచ్చరంగు, పొత్తికడుపు నొప్పి ఉంటే వేరే రోగం, దానికి వేరే మందు.

ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెడితే ఫోన్లో జాబితా వెతకవద్దు తల్లీ. దవాఖానకు రండి, చెమ్మ పరీక్ష చేయించుకోండి, వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తెచ్చుకోండి, షుగరు చూపించుకోండి. వచ్చేముందు కడుపునిండా మీ ఇంటి సద్దన్నం, పెరుగు తినండి. మూడునెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఖాళీ కడుపు అక్కరలేదు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ జిల్లా ల్యాబుకు పంపుతారు. దానికి పైసా ఖర్చు లేదు.